డబ్బాలో బెత్తెడు వెలితి

శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక ఐసు ప్లాంటులో నేను ఇరవై ఆరేళ్ళు సూపర్‌వైజరుగా పనిచేశాను. విజయనగరంలో కెమిస్ట్రీ బీఎస్సీ చదివి నేరుగా అక్కడే చేరాను. ఈ ఏడాది మానుకునే నాటికి నా వయసు నలభై ఏడు. అమోనియా వాసనకి ఊపిరితిత్తులు అలిసిపోయాయని డాక్టరు అంటే సరే అనుకుని ఇంటికొచ్చేశాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాయమని మా షావుకారు గారు అడిగారు. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ రిజిస్టరు ఎలా నింపాలో రాయను. అవి ఎలాగూ ఎవరో ఒకరు మీకు చెప్తారు. నీటి గురించి రాస్తాను. ఈ పనిలో మనకు రోజూ తగువు దానితోనే.

ఇంకొక పని కూడా ఉంది. "మోటారు ఆపినోడి కథ" అని ఒకటి ఈ జిల్లా ఐసు ప్లాంట్లలో తిరుగుతోంది. మీలో చాలామంది దాన్ని నా నోటనే విన్నారు. అది అబద్ధం. ఏది నిజమో ఇందులో రాశాను.

నీరు పొంగుతుంది

ప్లాంటు చూడనివాళ్ళ కోసం ముందు దాని రూపం చెప్పాలి. నేలలో పెద్ద తొట్టి ఉంటుంది, దాని నిండా ఉప్పునీరు. ఆ ఉప్పునీటిలో నిలువుగా ఇనుప డబ్బాలు దింపి, డబ్బాల్లో మంచినీళ్ళు పోస్తాం. ఉప్పు కలిసిన నీరు సున్నా కంటే బాగా కిందికి దిగినా గడ్డ కట్టదు. దాన్ని చల్లబరచడానికి చిల్లరు అనే పెద్ద ఇనుప డ్రమ్ము ఉంటుంది. అందులోని గొట్టాల్లోంచి ఉప్పునీరు పారుతుంటే, బయట ఉన్న అమోనియా దాని వేడి లాగేస్తుంది. ఆ అమోనియాను నడిపే పెద్ద యంత్రం కంప్రెసరు. తొట్టి మూల ఒక మోటారు రెక్కలు తిప్పి ఉప్పునీరు ఆగకుండా తిరిగేలా చేస్తుంది. అది ఆగి కంప్రెసరు నడుస్తూనే ఉంటే, నిలిచిన నీరు చిల్లరు గొట్టాల్లోనే గడ్డ కడుతుంది. ఆ చలికి డబ్బాల్లోని మంచినీళ్ళు దిమ్మలవుతాయి. పడవలవాళ్ళు, చేపల బేరం చేసే ఆడవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు.

లోకంలో చాలా వస్తువులు చల్లారితే ముడుచుకుంటాయి. కరిగిన మైనాన్ని గిన్నెలో పోసి ఆరనివ్వండి, నడుమ గుంట పడుతుంది. నీరు మాత్రం నాలుగు డిగ్రీల దాకా బుద్ధిగా ముడుచుకుని, అక్కడ మనసు మార్చుకుని మళ్ళీ విప్పారుతుంది. గడ్డ కట్టేటప్పుడైతే మరీ ఒళ్ళు విరుచుకుంటుంది. పదకొండు చెంబుల నీరు ఐసైతే పన్నెండు చెంబుల చోటు కావాలి. ఐసు నీటి మీద తేలేది అందుకే. మూసిన గొట్టంలో ఇరుక్కుంటే గొట్టాన్ని చీల్చేదీ అందుకే.

ఇది పుస్తకంలో చదువుకునే వెళ్ళాను నేను. కానీ దానికి మర్యాద ఇవ్వడం నేర్పింది సింహాచలం. మా ఆపరేటరు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, సంతకం తప్ప చదువు లేదు. డబ్బా అంచుకి బెత్తెడు కిందే నీళ్ళు ఆపేవాడు. ఒకసారి షావుకారు గారు వచ్చి, ఈ వెలితి అంతా ఎందుకు, నిండా పోస్తే దిమ్మ పెద్దది కాదా అని అడిగారు. ఆయనకి ఊళ్ళో బట్టల కొట్టు కూడా ఉంది, బుర్ర అక్కడిదే. గుడ్డ ఎంత కొలిస్తే అంతే ఉంటుంది.

"పొంగీ సరుకండి బావూ ఇది," అన్నాడు సింహాచలం. "ఎసట్లో ఒగ్గినట్టు కాళీ ఒగ్గాల. నేకపోతే ఉప్పునీట్లోకి దూకీస్తాది."

షావుకారు గారు నా వైపు చూశారు. నేను సైన్సు చెప్పి అదే నిజమన్నాను. ఆయన తలూపి, అయితే ఈ సరుకు మా సరుకు కంటే నయం, తడిస్తే ముడుచుకోదు అని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

నడిమి నీళ్ళు

దిమ్మ అంచుల నుంచి లోపలికి కడుతూ వస్తుంది. కట్టేటప్పుడు నీరు తనలో ఇంకెవరినీ ఉండనివ్వదు. కరిగిన గాలిని, ఉప్పులను, మురికిని నడుమకు నెట్టుకుంటూ పోతుంది. అందుకే డబ్బాల్లోకి సన్నటి గొట్టంతో గాలి ఊది నీటిని కదుపుతాం. చివర్లో నడుమ మిగిలిన నీళ్ళు తోడేసి కొత్త నీళ్ళు పోస్తాం. అలా చేస్తే దిమ్మ అద్దంలా వస్తుంది. చేయకపోతే మధ్యలో తెల్లటి, పుచ్చిన వెన్ను లాంటిది మిగులుతుంది. అక్కడే ముందు విరుగుతుంది, అక్కడే ముందు కారుతుంది.

చేరిన కొత్తలో ఒకరోజు, గిరాకీ ఎక్కువగా ఉందని ఆ తోడే పని మానిపించాను. మర్నాడు నూకాలమ్మ వచ్చింది. సింహాచలం భార్య. చేపల బేరం చేసేది, మా దగ్గరే ఐసు కొనేది. విరిగిన దిమ్మ ముక్క ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏటి బావూ ఇది? కడుపులో కుల్లెట్టుకున్న ఐసు అమ్మినావు."

అది కుళ్ళు కాదని, గాలీ లవణాలూ అలా చేరతాయని వివరంగా చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నది.

"మంచిది. ఇదే ముక్క నా సేపలకి కూడా సెప్పు. కారిపోకండర్రా, లవనాలంట అని."

అప్పటికి నా బల్ల మీద కాగితాలన్నీ తడిసిపోయాయి. ఆ తరవాత నేను తోడే పని ఎప్పుడూ మానిపించలేదు. ప్లాంటులో చేరేవాళ్ళు ముందు సరుకు కొనేవాళ్ళ తిట్లు వినాలి. యంత్రం చెప్పని సంగతులు అందులో ఉంటాయి.

ఇంకొకటి ఓపిక. నీళ్ళు సున్నాకి రావడానికి పట్టే కాలం కంటే, సున్నా దగ్గర నిలబడి గడ్డ కట్టడానికి పట్టే కాలం చాలా ఎక్కువ. అలా కట్టించడానికి ఎంత వేడి తీయాలో, అంత వేడి తీస్తే అవే నీళ్ళు ఎనభై డిగ్రీల నుంచి సున్నాకి దిగొస్తాయి. థర్మామీటరు కదలకపోతే పని జరగడం లేదనుకుని కంగారు పడేవాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. అదే గుణం తిరగేస్తే మన వ్యాపారం. ఐసు కరగడానికీ అంత వేడి కావాలి కాబట్టే, మా దిమ్మలతో చేప వైజాగు దాటినా పాడవదు.

ఉప్పు, నాలుక

ఉప్పునీరు ఎంత చిక్కగా ఉందో చూడడానికి హైడ్రోమీటరు అనే, గీతలు గీసిన గాజు బుడ్డి ఉంటుంది. తొట్టి నీటిలో వేస్తే, నీరు చిక్కనైన కొద్దీ పైకి తేలుతుంది. ఆ రీడింగు తీయడం నా పని. సింహాచలం మాత్రం వేలు ముంచి నాలుకకు రాసుకునేవాడు.

పన్నెండేళ్ళ కిందట, చేపల వేట జోరుగా సాగుతున్న రోజుల్లో, పడవలన్నీ ఒకేసారి ఐసుకు వచ్చిపడ్డాయి. షావుకారు గారు అడగలేదు, నేనే మెప్పు కోసం, డబ్బాలు నిండా పోయమని చెప్పాను. సింహాచలం వద్దన్నాడు. ఇది నా బాధ్యత అన్నాను. దిమ్మలు కాస్త పెద్దవే వచ్చాయి, అందరూ మెచ్చుకున్నారు. కానీ గడ్డ కట్టేటప్పుడు పొంగిన మంచినీళ్ళు వందలాది డబ్బాల నుంచి కొంచెం కొంచెంగా తొట్టిలోకి దూకుతూ వచ్చాయి. రెండు వారాలలో ఉప్పునీరు పలచబడింది.

సింహాచలం వచ్చి, చప్పగా తగులుతోంది, నాలుగు బస్తాల ఉప్పు వేయిద్దాం అన్నాడు. నేను హైడ్రోమీటరు పట్టుకుని వెళ్ళాను. ఆ పొద్దున్నే ఒక మూల ఒక బస్తా ఉప్పు పోసి ఉన్నారు. రీడింగు తొట్టి నాలుగు వైపులా తీయాలి. నేను దగ్గరగా ఉందని ఆ మూలే తీశాను. అక్కడ నీరు చిక్కగా ఉంది, బుడ్డి బాగా తేలింది.

"నీ నాలుక మీద గీతలున్నాయేంటి సింహాచలం?" అన్నాను. పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు, నవ్వి ఊరుకున్నాడు.

ఆ మధ్యాహ్నం

మూడో రోజు మధ్యాహ్నం నూకాలమ్మ చోడి అంబలి, అంటే రాగి జావ, తెస్తే సింహాచలం షెడ్డు పక్కన కూర్చుని తాగుతున్నాడు. కంప్రెసరు శబ్దం మారింది. గిన్నె వదిలేసి పరిగెత్తాడు. తొట్టి మూల మోటారు ఆగిపోయి ఉంది. వెంటనే కంప్రెసరు కట్టేశాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. చిల్లరు లోపల గొట్టాల్లో నీరు గడ్డ కట్టి, పొంగి, గొట్టాలు ఎండిన మునక్కాయల్లా నిలువునా విచ్చుకున్నాయి. అమోనియా ఉప్పునీటిలో కలిసింది. కళ్ళు మండుతుంటే అందరినీ బయటికి పంపించి, వాల్వులన్నీ సింహాచలమే కట్టాడు.

వాసన తగ్గాక నేను ఒక్కణ్ణే లోపలికి వెళ్ళాను. మూల పలక ఎత్తి చూస్తే మోటారు రెక్కల మధ్య ఐసు ముద్ద ఇరుక్కుని ఉంది. జరిగింది అర్థమైంది. మోటారు ఆగడం వల్ల నీరు గడ్డ కట్టలేదు. పలచబడిన నీరు గడ్డ కట్టి, ఆ గడ్డలు రెక్కలకు అడ్డం పడి మోటారు ఆగింది. ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి ఆ ముద్ద ఒక్కటే సాక్ష్యం.

నేను రెండు బస్తాల ఉప్పు తెచ్చి దాని మీద పోశాను. ముద్ద కరిగిపోయింది. రీడింగు కూడా సరిపోయింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను ఇంత చురుగ్గా చేసిన పని మరొకటి లేదు.

షావుకారు గారు కారు దిగుతూనే మోటారు ఎప్పుడాగిందని నన్నడిగారు.

"సింహాచలం తినడానికి కూర్చున్నప్పుడు ఆగినట్టుంది సార్," అన్నాను.

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. ఆయన సింహాచలాన్ని ఏమీ అడగలేదు. సాయంత్రానికి అతన్ని మానిపించేశారు. అతను నా దగ్గరికి వచ్చి, అన్నం కాడికి పోయే ముందు మోటారు చూశాననే అనుకుంటున్నానని, చూళ్ళేదేమోనని, సరిగ్గా గుర్తు రావడం లేదని చెప్పుకున్నాడు. పోనీలే అని భుజం తట్టాను. ఆ తట్టడం ఇప్పుడు గుర్తొస్తే ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

నేను చెప్పిన కథ

నోరు మూసుకుని ఊరుకున్నా కొంత నయంగా ఉండేది. కొత్త ఆపరేటర్లకు పని నేర్పే బాధ్యత నాకు వచ్చింది. మోటారును కనిపెట్టుకుని ఉండాలని చెప్పడానికి ఒక ఉదాహరణ కావాలి. అలా కథ మొదలైంది. ఏడాదికేడాది పెరిగింది. మొదట్లో అంబలి తాగుతున్న సింహాచలం కొన్నాళ్ళకు చేపల పులుసుతో భోంచేశాడు, తరవాత చెట్టు కింద కునుకు కూడా తీశాడు. కుర్రాళ్ళు పగలబడి నవ్వేవారు. వేరే ప్లాంట్లకు వెళ్ళినవాళ్ళు అక్కడా చెప్పారు. ఆ పేరుతో అతనికి ఎక్కడా పని దొరకలేదని నాకు తెలుసు. కొన్నాళ్ళు కొత్తవలసలో బావమరిది దగ్గర ఇటుకలు మోశాడని విన్నాను. విని ఊరుకున్నాను.

ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. భయమని మొదట్లో అనుకున్నాను. షావుకారు గారు నన్ను తిట్టేవారేమో గాని మానిపించేవారు కాదు. అసలు సంగతి సిగ్గు. గాజు బుడ్డి తప్పి, చదువులేని మనిషి నాలుక నెగ్గిందని ఒప్పుకోలేకపోయాను.

అరసవల్లిలో

మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం, మా కొత్త ఆపరేటరు అప్పలరాజుతో అరసవల్లి వెళ్ళాను. పాతికేళ్ళవాడు, డిప్లొమా చదివాడు, నోరు ఊరుకోదు. దర్శనం అయ్యాక ఎండలో చెరకు రసం బండి దగ్గర ఆగాం. బండి మనిషి తల వంచుకుని ఐసు కొడుతున్నాడు. కొడుతూ కొడుతూ తెల్లటి నడిమి ముక్క పక్కన పారేసి, మంచి ముక్క గ్లాసులో వేశాడు. అలా ఐసు కొట్టే చెయ్యి నాకు తెలుసు.

అతను తలెత్తి, "తమరా బావూ!" అన్నాడు. ముఖమంతా నవ్వు. తువ్వాలుతో స్టూలు తుడిచి కూర్చోమన్నాడు.

మా సార్ మీకెలా తెలుసని అప్పలరాజు అతన్ని అడిగాడు.

"ఈరి కాడే పనిసేసీవోడ్ని బావూ. మోటారు సూసుకోక ప్లాంటు పాడుసేసినాను గదా, ఆ సింహాచలాన్ని."

అప్పలరాజు సినిమా హీరోని చూసినట్టు చూశాడు. "మీరేనా! మీ కథ మాకు సార్ మొదటి రోజే చెప్పారండి." ఆగకుండా, చేపల పులుసు నిజమేనా అని కూడా అడిగాడు.

"పులుసు కాదు, అంబలి," అన్నాడు సింహాచలం. కోపం లేదు, సరిదిద్దాడంతే. "అయినా తప్పు తప్పే. ఆ రోజు కాడ్నించి అన్నీ సూసుకోనిదే ముద్ద దిగదు నాకు."

నేను రసం తాగలేకపోయాను.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళాను. బండి దగ్గర నూకాలమ్మ కూడా ఉంది, గ్లాసులు కడుగుతోంది. నిండా పోయించిన సంగతి, మూల తీసిన రీడింగు, కరిగించిన ముద్ద, అన్నీ చెప్పేశాను. సింహాచలం మధ్యలో ఒక్క ప్రశ్న అడిగాడు.

"రెక్కల్లో గడ్డ నువ్వు నీ కల్లతో సూసినావా?"

చూశానన్నాను. అప్పుడతను భార్య వైపు తిరిగాడు.

"సూసినావేటే, సప్పగున్నాదని నాను సెప్పనేదూ? నా నాలిక తప్పు కాదు." పన్నెండేళ్ళ తరవాత అతనికి ముందు వచ్చింది ఆ సంతోషం. దానికి నేను సిద్ధపడి వెళ్ళలేదు. తిట్లకైతే సిద్ధపడి వెళ్ళాను.

అవి నూకాలమ్మ పెట్టింది. గొంతు పెంచలేదు. "ఈ మనిసి నోట్లో ముద్దెట్టుకుని లేసెల్లి పొయ్యి సూసొచ్చీవోడు. గొళ్ళెం సూసొచ్చీవోడు. మల్లీ వచ్చి కూకునేసరికి అన్నం సల్లారిపోయీది. ఆ ముద్దలన్నీ ఇప్పుడు నువ్వు వేడిసేసి తినిపిస్తావేటి?"

ఏం చేయమంటారో చెప్పండి, చేస్తానన్నాను. సింహాచలం చెరకు గెడ ఒకటి తీసి, దాని మీది మట్టి చాలాసేపు తుడిచాడు.

"ఇక్కడ నాకొక్కడికి సెప్తే ఏటవుతాది బావూ? ఆ కత నువ్వు నలుగుర్లో సెప్పినావు. ఇదీ నలుగుర్లోనే సెప్పు."

నలుగురిలో

ముందు షావుకారు గారింటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయనకి డెబ్బై దాటాయి. అంతా విని, మళ్ళీ బుధవారం పొద్దున్న డ్యూటీలు మారే వేళకు అందరినీ ఉండమన్నారు. పక్క ప్లాంట్ల నుంచి కూడా నేను పని నేర్పిన ఆపరేటర్లు వచ్చారు. సింహాచలం ఇస్త్రీ చొక్కా వేసుకుని నూకాలమ్మతో ఆటోలో దిగాడు.

తొట్టి పక్కన నిలబడి మొదలుపెట్టాను. రెండు మాటలు అయ్యాయో లేదో సింహాచలం చెయ్యెత్తాడు.

"మెషీను ఆపించండి బావూ. ఈ రొదలో ఎనకోల్లకి వినబడ్డం నేదు."

వేట రోజుల్లో కంప్రెసరు ఆపడానికి షావుకారు గారు ఒప్పుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆయన సింహాచలం ముఖం చూసి, ఆపమని అప్పలరాజుకు సైగ చేశారు. కంప్రెసరు ఆగింది, దాని వెనక మోటారు ఆగింది. ఎక్కడో డబ్బా నుంచి నీటి చుక్కలు పడుతున్న చప్పుడు వినిపించింది.

నేను చెప్పాను. అనుకున్నంత సేపు పట్టలేదు. డబ్బాలు నిండా పోయించింది నేను, రీడింగు తప్పు తీసింది నేను, గడ్డ కరిగించింది నేను, మీకు చెప్పిన కథ అబద్ధం, ఈయన చేసింది పరిగెత్తుకొచ్చి మనుషుల్నీ ప్లాంటునూ కాపాడడం. అంతే. మరి మాకు ఇన్నాళ్ళూ అలా ఎందుకు చెప్పారని వెనక నుంచి ఒకరు అడిగారు. నా పరువు కోసం అన్నాను.

షావుకారు గారు కర్ర ఊతంగా లేచారు. "ఆ రోజు నేను అడగవలసింది నిన్ను సింహాచలం. నిన్ను తప్ప అందర్నీ అడిగాను," అన్నారు.

సింహాచలం తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నూకాలమ్మ అతని చొక్కా భుజం మీద దుమ్ము దులిపింది, దుమ్మేమీ లేదు.

మా ప్లాంటులో ఒక కట్టుబాటు ఉంది. ఆగిన యంత్రాన్ని మళ్ళీ నడపాలంటే డ్యూటీలో ఉన్న పెద్ద ఆపరేటరు మాట కావాలి. అప్పలరాజు బోర్డు దగ్గర నిలబడ్డాడు. చెయ్యి స్విచ్చు మీద ఉంది. నా వైపు చూడలేదు, షావుకారు గారి వైపూ చూడలేదు.

"సింహాచలం గారూ, మెషీను నడిపించీమంటారా?"

అతను తొట్టి చుట్టూ ఒకసారి నడిచాడు. మూల పలక ఎత్తి రెక్కలు చూశాడు, గేజీ దగ్గర కళ్ళు చిట్లించి చూశాడు. మేమంతా అతని వెనకే తిరిగాం. పలక జాగ్రత్తగా మూసి, చేతులు దులుపుకుని బోర్డు దగ్గరికి వచ్చాడు.

"ముందు నీల్లు తిరగనియ్యి," అన్నాడు. "మెషీను నాను సెప్పినాక."